ఎక్స్‌తో భాగించే ముందు ఒక్క క్షణం ఆగు తమ్ముడూ

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది ఖమ్మం, ఇప్పుడు కొండాపూర్‌లో హాస్టల్‌లో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. ఎమ్మెస్ కోసం నవంబరులో జీఆర్‌ఈ రాస్తున్నాను. ఇంటర్‌లో ఎంపీసీ, మ్యాథ్స్‌లో ఎప్పుడూ వెనకబడలేదు. కానీ మాక్ టెస్టుల్లో క్వాంట్ (లెక్కల సెక్షన్) స్కోరు 157, 158 దాటడం లేదు. తప్పులు ముందేసుకుని చూస్తే సగానికి పైగా అసమీకరణాల్లో, అదే ఇనీక్వాలిటీస్‌లోనే పోతున్నాయి. మొన్న ఎక్స్² > ఎక్స్ అని ఇచ్చి, ఎక్స్ పెద్దదా 1 పెద్దదా అని అడిగారు. రెండు వైపులా ఎక్స్ కొట్టేస్తే ఎక్స్ > 1 వచ్చింది, ఏ (మొదటిదే పెద్దది) పెట్టాను. కీలో డీ (తేల్చలేం) అని ఉంది. కీయే తప్పని నా అనుమానం. ఈ టాపిక్ వదిలేసి మిగతావి గట్టిగా చేసుకుంటే సరిపోతుందా? మా అక్క జీమ్యాట్‌కి చదువుతోంది, తనదీ ఇదే గొడవ.

జవాబు: కీ తప్పు కాదు తమ్ముడూ. పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే ముందు ఎక్స్ బదులు −2 పెట్టి చూడు. దాని వర్గం 4, అది −2 కన్నా పెద్దదే కదా, అంటే ఇచ్చిన షరతు నెరవేరింది. మరి −2 ఒకటి కన్నా పెద్దదా? కాదు. ఇప్పుడు 2 పెట్టు. షరతు అప్పుడూ నెరవేరుతుంది, కానీ ఈసారి ఎక్స్ ఒకటి కన్నా పెద్దది. ఒకసారి అలా, ఒకసారి ఇలా వచ్చిందంటే ఇచ్చిన సమాచారంతో తేల్చలేమని అర్థం. అదే డీ.

ఎక్కడ జారావో నీ ఉత్తరంలోనే ఉంది. "ఎక్స్ కొట్టేస్తే" అన్నావు చూడు, అక్కడ. సమీకరణంలో రెండు వైపులా ఒకటే ఉంటే కొట్టేయడం మనకి ఎనిమిదో తరగతి నుంచి అలవాటు, చేయి దానంతటదే వెళ్లిపోతుంది (అక్కడ కూడా ఎక్స్ సున్నా కాదని చూసుకోవాలి, అది వేరే సంగతి). మధ్యలో = బదులు > ఉంటే మాత్రం, నువ్వు భాగించేది ధన సంఖ్య అయితేనే గుర్తు అలాగే ఉంటుంది, రుణ సంఖ్య అయితే తిరగబడుతుంది. ఎందుకు తిరగబడుతుందో బట్టీ పట్టక్కర్లేదు. జేబులో 5 వేలున్నవాడు, 3 వేలున్నవాడు పక్కపక్కన నిలబడితే 5 వేలవాడు గొప్ప. అవే అప్పులైతే? 3 వేలవాడే నయం. 5 > 3 కాస్తా −5 < −3 అయింది, అంతే. నువ్వు ఎక్స్ కొట్టేసినప్పుడు "ఎక్స్ ధన సంఖ్యే" అని ప్రశ్నలో లేని షరతు ఒకటి నీ అంతట నువ్వే రాసుకున్నావు. ప్రశ్న తయారుచేసినవాడు కాచుకు కూర్చున్నది సరిగ్గా అక్కడే.

నీకు ఇది రాదని కూడా నేను అనుకోవడం లేదు. ఇంటర్ సెకండియర్ 2ఏలో వర్గ సమాసాలు చదివావు కదా, మూలాలకి బయట సమాసం గుర్తు, ఎక్స్² గుణకం గుర్తూ ఒకటే, రెండు మూలాల మధ్యలో దానికి వ్యతిరేకం అని. అదే ఇక్కడ పెట్టు. అన్నీ ఒక వైపుకి తెస్తే ఎక్స్² − ఎక్స్ > 0, అంటే ఎక్స్(ఎక్స్ − 1) > 0. మూలాలు 0, 1. వాటి బయట ధనం. కాబట్టి ఎక్స్ < 0 లేదా ఎక్స్ > 1. జవాబుకి రెండు ముక్కలున్నాయి, నువ్వు కుడి ముక్క పట్టుకుని ఎడమ ముక్కని ఎక్స్‌తో పాటు కొట్టేశావు.

నేనూ ఇందులో పడ్డవాడినే. అమీర్‌పేటలో క్వాంట్ చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో, ఆదివారం పొద్దుటి బ్యాచ్‌లో, బోర్డు మీద (ఎక్స్ + 1)/(ఎక్స్ − 2) > 2 అని రాసి, దీన్ని నెరవేర్చే పూర్ణసంఖ్యలు ఎన్ని అని అడిగి, ఎవరూ నోరు తెరవకముందే హారాన్ని ధీమాగా అవతలికి పంపి ఎక్స్ + 1 > 2ఎక్స్ − 4 అని, కాబట్టి ఎక్స్ < 5 అని తేల్చేశాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి "సార్, సున్నా పెడితే?" అంది. సున్నా పెడితే పైన 1, కింద −2, అంటే మైనస్ అర. మైనస్ అర 2 కన్నా పెద్దది ఎలా అవుతుంది? చాక్‌పీస్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను, క్లాసులో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. అసలు "ఎన్ని" అని అడిగిన ప్రశ్నకి ఎక్స్ < 5 అని వస్తేనే అనుమానం రావాల్సింది, 5 కన్నా చిన్న పూర్ణసంఖ్యలకి లెక్కేముంది.

హారంలో ఎక్స్ ఉన్నప్పుడు దాన్ని కదిలించకూడదు. అవతల ఉన్న 2నే ఇవతలికి తెచ్చి ఒకే హారం కింద పెడితే (5 − ఎక్స్)/(ఎక్స్ − 2) > 0 అవుతుంది. ఇక పైదీ కిందదీ రెండూ ధనమైనా కావాలి, రెండూ రుణమైనా కావాలి. రెండూ ధనం కావాలంటే ఎక్స్ 5 కన్నా చిన్నది, 2 కన్నా పెద్దది. రెండూ రుణం కావాలంటే ఒకేసారి 5 కన్నా పెద్దదీ 2 కన్నా చిన్నదీ కావాలి, అది జరిగే పని కాదు. అంటే 2 < ఎక్స్ < 5, పూర్ణసంఖ్యలు 3, 4. జవాబు 2. జీఆర్‌ఈలో ఇలాంటివాటికి ఒక్కోసారి ఆప్షన్లు లేకుండా ఖాళీ డబ్బా ఇచ్చి సంఖ్య టైప్ చేయమంటారు, కాబట్టి ఆప్షన్లు చూసి నెట్టుకొచ్చే దారి కూడా ఉండదు.

వదిలేయనా అన్నావు కదా. వదిలేయడం కుదరదు. ఇనీక్వాలిటీస్ అని పేరు పెట్టి వచ్చే ప్రశ్నలు ఎన్నున్నాయో లెక్కపెడితే తక్కువే కనిపించొచ్చు, కానీ క్వాంటిటేటివ్ కంపారిజన్ అనే రకమే మొత్తంగా ఒక ఇనీక్వాలిటీ. క్వాంటిటీ ఏ, క్వాంటిటీ బీ మధ్యలో >, <, = ఏ గుర్తు వస్తుందో చెప్పు, ఏదీ ఖాయం కాకపోతే డీ పెట్టు, ఇదే కదా అక్కడ అడిగేది. జామెట్రీలోకి వెళ్లినా వెంటబడుతుంది: త్రిభుజంలో రెండు భుజాలు 3, 8 అయితే మూడోది 5 కన్నా పెద్దదీ 11 కన్నా చిన్నదీ అయి తీరాలి. దీన్ని ఏ టాపిక్ కింద వదిలేస్తావు?

తొందర సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మన దగ్గర ఇంటర్ చదివినవాళ్లందరికీ ఉన్న జబ్బు. ఎంసెట్‌లో (ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఈఏపీసెట్ అంటున్నారు) 160 ప్రశ్నలకి 180 నిమిషాలు, ప్రశ్నకి నిమిషం మీద చిల్లర. చూడగానే చేయి కదలకపోతే అక్కడ బతకలేం. జీఆర్‌ఈ 2023 సెప్టెంబరులో పొట్టిదయ్యాక క్వాంట్‌లో మొదటి సెక్షన్ 12 ప్రశ్నలకి 21 నిమిషాలు, రెండోది 15 ప్రశ్నలకి 26 నిమిషాలు. ప్రశ్నకి దాదాపు 1 నిమిషం 45 సెకన్లు వస్తుంది. నీ ఎక్స్² > ఎక్స్ లెక్కకి నువ్వు ఎంతసేపు తీసుకుని ఉంటావు, 15 సెకన్లా? ఇంకో 20 సెకన్లు రుణ సంఖ్య పెట్టి చూస్తే మార్కు చేతిలో ఉండేది. పైగా మొదటి సెక్షన్‌లో ఎలా చేశావన్నదాన్ని బట్టి రెండో సెక్షన్ ఎంత కష్టంగా ఉండాలో తేలుతుంది, అంటే మొదటి సెక్షన్‌లో ఇలాంటి తేలికవి పోగొట్టుకుంటే దెబ్బ రెండుసార్లు తగులుతుంది. నెగటివ్ మార్కులు లేవు, సరే, కానీ ఆ ధైర్యం తెలియని ప్రశ్నల దగ్గర వాడుకో.

ఇక సంఖ్యలు పెట్టి చూడటం. అందరూ చేస్తారు, కానీ చాలామంది 2, 3, 5 పెట్టి చేస్తారు. అన్నీ ఒకే వీధివాళ్లని అడిగి ఊరంతా ఓటు ఎవరికేస్తుందో చెప్పినట్టు ఉంటుంది. జీఆర్‌ఈ సూచనల్లో స్పష్టంగా ఉంటుంది, వాడే సంఖ్యలన్నీ వాస్తవ సంఖ్యలని. పూర్ణసంఖ్య అని ప్రశ్నలో విడిగా చెప్పనంతవరకు అరా పావూ కూడా లెక్కలోకి వస్తాయి. నేను రఫ్ షీటు పైన ముందే ఏడు రాసి పెట్టుకోమంటాను: −2, −1, −1/2, 0, 1/2, 1, 2. వీటిలో ప్రతిదానికీ ఒక్కో బుద్ధి ఉంది. సున్నాకీ ఒకటికీ మధ్య ఉన్న భిన్నాన్ని వర్గం చేస్తే చిన్నదవుతుంది, వర్గమూలం తీస్తే పెద్దదవుతుంది, 2 దగ్గర అంతా తలకిందులు, −1/2 దగ్గర ఘనం చేస్తే −1/8 వచ్చి అసలు దానికన్నా పెద్దదవుతుంది. ప్రతి లెక్కకీ ఏడూ పెట్టమని కాదు. 2 పెడితే ఏ అని వచ్చిందనుకో, ఇక 3, 4 పెట్టి సంబరపడకు, ఆ ఏని చెడగొట్టగలిగేది ఈ ఏడింటిలో ఎవరా అని వెతుకు. దొరికితే డీ. దొరక్కపోతే, ఎందుకు దొరకడం లేదో ఒక ముక్క ఆల్జీబ్రాతో రుజువు చేసుకుని ముందుకెళ్లు.

ఉదాహరణకి క్వాంటిటీ ఏ ఎక్స్² + 1, క్వాంటిటీ బీ 2ఎక్స్ అనుకో, వేరే షరతేమీ లేదు. 2 పెడితే 5, 4. సున్నా పెడితే 1, 0. −1 పెడితే 2, −2. అన్నిసార్లూ ఏ. చాలామంది ఇక్కడే ఏ నొక్కి వెళ్లిపోతారు. 1 పెడితే? 2, 2. సమానం. జవాబు డీ. బీని ఇవతలికి తీసుకొస్తే ఎక్స్² − 2ఎక్స్ + 1, అంటే (ఎక్స్ − 1)², అది సున్నా కన్నా తగ్గదు కానీ సున్నా అవగలదు. అదే ఏలో ఎక్స్² + 2 ఉంటే తేడా (ఎక్స్ − 1)² + 1 అవుతుంది, అదెప్పుడూ ధనమే, కాబట్టి కళ్లు మూసుకుని ఏ. ఒకటి మారితే జవాబు మారిపోయింది చూశావా. ఈ రెండూ పక్కపక్కన రాసి గోడకి అంటించుకో. రెండు వైపుల నుంచీ ఒకటే తీసేయడం, రెండు వైపులా ఒకటే కలపడం ఎప్పుడైనా చేసుకోవచ్చు, ఏ గొడవా రాదు. గుణకారం, భాగహారం దగ్గరే గుర్తు అడిగి వెళ్లాలి.

ఇంత చెప్పాక నీకు రెండో జబ్బు వస్తుంది, వచ్చి తీరుతుంది, ఎక్స్ కనబడితే చాలు భయపడి డీ పెట్టేయడం. ఎక్స్²వై > ఎక్స్² అని ఇచ్చి వై పెద్దదా 1 పెద్దదా అంటే? ఇక్కడ హాయిగా భాగించొచ్చు. ఎక్స్² ఎప్పుడూ రుణం కాదు, మరి సున్నా అయితే అంటావా, సున్నా అయితే 0 > 0 అవుతుంది, అది అబద్ధం, కాబట్టి ఎక్స్ సున్నా కాదని ప్రశ్నే చెప్పేసింది. వై > 1, జవాబు ఏ. అలాగే రెండు వైపులా ఉత్త సంఖ్యలే ఉండి, ఎక్స్ లాంటిదేదీ లేకపోతే డీ ఎప్పటికీ కాదు, ఎందుకంటే కష్టమైనా సరే లెక్క చేస్తే ఏదో ఒకటి తేలుతుంది.

హద్దులు ఇచ్చే ప్రశ్నల్లో పప్పులో కాలేయడం ఇంకా తేలిక. ఎక్స్ −6 నుంచి 2 వరకు, వై −3 నుంచి 4 వరకు ఉండొచ్చు, ఎక్స్, వైల లబ్ధం గరిష్ఠంగా ఎంత? పెద్దని పెద్దతో గుణిస్తే 8. ఆప్షన్లలో 8 కూడా ఉంటుంది, నీ కోసమే పెడతారు. నాలుగు మూలలూ చూడాలి: −6, −3 ల లబ్ధం 18. −6, 4 లది −24. 2, −3 లది −6. 2, 4 లది 8. గరిష్ఠం 18, కనిష్ఠం −24. ఇదే హద్దుల్లో ఎక్స్² ఎక్కడినుంచి ఎక్కడికి అంటే 4 నుంచి 36 అని రాసేవాళ్లని నేను ప్రతి బ్యాచ్‌లో చూశాను, దారి మధ్యలో సున్నా ఉందన్న సంగతే మరిచిపోతారు, 0 నుంచి 36 అది. ఇక తీసివేత. రెండు ఇనీక్వాలిటీలని ఒకే దిక్కులో ఉంటే కలపొచ్చు, కానీ ఒకదాంట్లోంచి ఒకటి తీసేయకూడదు. పైన ఎక్స్ − వైకి చిన్నలోంచి చిన్న, పెద్దలోంచి పెద్ద తీసేస్తే −3 నుంచి −2 అని వస్తుంది. నిజానికి అతి చిన్నది −6 − 4, అంటే −10, అతి పెద్దది 2 − (−3), అంటే 5. ఎంత తేడా వచ్చిందో చూడు.

పరమ మూల్యం గురించి ఎక్కువ చెప్పను, ఒక్కటే. ఆ రెండు నిలువు గీతల్ని దూరం అని చదువు. |ఎక్స్ − 4| < 3 అంటే రోడ్డు మీద 4వ కిలోమీటరు రాయి నుంచి 3 కిలోమీటర్ల లోపు, ఎటువైపైనా సరే. కాబట్టి 1కీ 7కీ మధ్యలో. > 3 అయితే 1కి ఇవతల లేదా 7కి అవతల. |2ఎక్స్ − 6| ≤ 4 అని ఇస్తే ముందు 2తో భాగించి (2 ధన సంఖ్యే, ఏ గొడవా లేదు) |ఎక్స్ − 3| ≤ 2 చేసుకో, 1 నుంచి 5 వరకు, చివరలతో కలిపి. |ఎక్స్ + 2| కనబడితే అది −2 నుంచి దూరం. క్లాసుల్లో దీన్ని కేసులుగా విడగొట్టి అరపేజీ రాయిస్తారు, తప్పని అనను, కానీ గీత గీస్తే అయిపోయే పనికి అంత అక్కర్లేదు.

స్క్రీన్ మీద క్యాలిక్యులేటర్ ఇస్తారు కదా అని ఈ టాపిక్‌లో దాని జోలికి వెళ్లకు. వెళ్లాల్సి వస్తోందంటే చాలాసార్లు దారి తప్పావనే లెక్క.

మీ అక్కకి జీమ్యాట్‌లో క్వాంట్ 21 ప్రశ్నలు, 45 నిమిషాలు, క్యాలిక్యులేటర్ లేదు. తనని ఎక్కువ ఏడిపించేది డేటా సఫిషియెన్సీ (ఇచ్చిన వాక్యాలు జవాబు తేల్చడానికి సరిపోతాయా అని అడిగే రకం) అయి ఉంటుంది, అది ఇప్పుడు డేటా ఇన్‌సైట్స్ సెక్షన్‌లోకి మారింది. ఈ ఒక్కటి చేయమను: ఎక్స్ > వై అవునా? ఒకటో వాక్యం ఎక్స్/వై > 1, రెండో వాక్యం వై > 0. ఒకటో వాక్యం చూడగానే వైని అవతలికి పంపి "సరిపోయింది" అందంటే తనూ నీ బ్యాచే. 2, 1 పెడితే అవును, −2, −1 పెడితే భాగఫలం అదే 2, కానీ ఎక్స్ చిన్నది. రెండో వాక్యం ఒక్కటే ఏమీ చెప్పదు. రెండూ కలిస్తే, వై ధనమని తెలిశాక, గుణించడానికి అనుమతి దొరికినట్టే. కాబట్టి సీ, అంటే రెండూ కలిస్తేనే సరిపోతాయి. రెండో వాక్యం ఇచ్చిందల్లా ఆ గుర్తు ఒక్కటే, చూడు.

నవంబరు దాకా టైముంది కాబట్టి కొత్త మెటీరియల్ కొనకు. ఇప్పటిదాకా రాసిన మాక్‌లలో తప్పయిన ఇనీక్వాలిటీస్ అన్నీ ఒక నోటుబుక్కులోకి ఎత్తు, ఒక్కోదాని పక్కన సరైన సొల్యూషన్ కాదు, ఏ సంఖ్యని మరిచిపోవడం వల్ల తప్పయిందో అది మాత్రం రాయి. "−2", "అర", "సున్నా", "1 దగ్గర సమానం", ఇలా. పాతిక, ముప్పై అయ్యేసరికి నీ చేయి ఎప్పుడూ మరిచిపోయేది ఏదో నీకే కనబడుతుంది, నా అంచనా అయితే నీది సున్నాకి ఎడమ పక్క.

ఈలోగా ఇది చెయ్యి: ఎక్స్³ > ఎక్స్ అయితే ఎక్స్ ఎక్కడెక్కడ ఉండొచ్చో సంఖ్యారేఖ మీద గీసి, ఫోటో తీసి పంపు. ఒక్క ముక్కే వచ్చిందంటే పంపకు, మళ్లీ గీయి.